అల్లుడు నీరసపడ్డాడు

ఫోను మోగేసరికి పిచ్చుక నోట్లో బ్రష్షు పెట్టుకుని, వసారాలో తీగ మీద తడిబట్టలు ఆరేస్తోంది. ఇంట్లో అందరికంటే సన్నగా ఉండి, అందరికంటే ఎక్కువ గోల చేస్తుందని బడికెళ్ళే రోజుల్లో బావ పెట్టిన పేరది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. ఇప్పుడు టీకాలమీద పరిశోధన చేసే ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తోంది.

ఫోన్‌లో అవతల ఉన్నది ఆ ల్యాబ్‌లో పనిచేసే స్నేహితురాలు. ఆ పిల్ల చెప్పిన మాటకి పిచ్చుక బ్రష్షు తీసి జేబులో పెట్టుకుంది, నురగతో సహా.

"నిజంగానా? అల్లుడు నీరసపడ్డాడా! ఒట్టు? మరి పిల్లలు? ఒక్కరూ పుట్టలేదా? ఇంక పుట్టరు కదా? అబ్బ, నీ నోట్లో పంచదార పొయ్య! ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నానే ఈ మాట కోసం!"

తడి దుప్పటికి అటువైపు బకెట్టు పట్టుకుని నిలబడ్డ అమ్మ చేతిలోంచి క్లిప్పులు జారి నేలమీద చెల్లాచెదురయ్యాయి. పిచ్చుకకి అది వినిపించలేదు. సగం బట్టలు అలాగే వదిలేసి, గెంతుకుంటూ స్నానానికి పోయింది.

ఆ ఇంట్లో ఉన్నది ఒక్క అల్లుడే. నాన్న పోయాక, ఆడవాళ్ళిద్దరూ ఒంటరిగా ఉండకూడదని బావ తన సామానంతా డెలివరీ వ్యానులో వేసుకుని అక్కతో సహా ఇక్కడికి వచ్చేశాడు. వీధిలో వాళ్ళు వెనకాల 'ఇల్లరికం' అని నవ్వినా వినిపించనట్టే తిరిగేవాడు. తర్వాత మూత్రపిండాలు చెడ్డాయి. అక్క తనది ఒకటి ఇచ్చింది. కొత్త అవయవాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా రోజూ మందులు మింగాలి, ఆ మందులతో రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. బరువులు మోయడం మానేసి, పార్సిల్ ఆఫీసులో చిరునామాలు విడదీసే బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో 'నీరసం' అన్న మాట నిషిద్ధం. మొక్కలు వాడినా 'దాహంగా ఉన్నాయి' అంటుంది అమ్మ.

ఇప్పుడు అక్కాబావలకు పిల్లల మీద ఆశ పుట్టింది. పోయిన వారమే పరీక్షలకు రక్తం ఇచ్చి వచ్చారు. ఫలితం ల్యాబ్ నుంచి రావాలి. అమ్మ దృష్టిలో ల్యాబ్ అంటే ల్యాబే. రక్తం తీసేదీ, చిన్నకూతురు పనిచేసేదీ ఆమెకు ఒకటే.

పిచ్చుక తల తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేసరికి ముగ్గురూ అక్కడే ఉన్నారు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్క గోడకి ఆనుకుని నిలబడింది. బావ నేలమీద కూర్చుని బ్యాగులో చొక్కాలు మడిచి పెడుతున్నాడు.

"ఏంటి, అందరూ ఇలా ఉన్నారు? మీకూ తెలిసిపోయిందా?" అంది ఉత్సాహంగా.

"తెలిసింది," అంది అక్క. "అందరికీ తెలిశాక చివర్లో మాకు తెలిసింది."

"అయ్యో, నేనే చెబుదామనుకున్నానక్కా! మా వాళ్ళందరూ ఒకటే గంతులు! మా ల్యాబ్ పెద్దాయనైతే స్వీట్లు తెప్పిస్తున్నారట!"

"స్వీట్లా?" అమ్మ గొంతు కీచుమంది. "పిల్లలు పుట్టరంటే స్వీట్లా!"

"మరి? ఒక్కటి పుట్టినా కొంప మునిగిపోయేది కదమ్మా! రెండేళ్ళు కష్టపడ్డాం వాణ్ణి ఈ స్థితికి తేవడానికి!"

అక్క ముందుకొచ్చి చెల్లెలి భుజం పట్టుకుని ఊపేసింది. "నోర్ముయ్! నీకు జడలేసిన చేతులివి. కొట్టేలా చెయ్యకు!"

"దాన్నేమీ అనకు," అన్నాడు బావ తల ఎత్తకుండా. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకు? ఉన్నమాటే కదా అంది. నేను ఆఫీసు దగ్గర గది చూసుకుంటాను. ఇంట్లో నీరసపు మనిషి ఉంటే అందరికీ బరువే."

'నీరసపు మనిషి' అన్న మాట చెవిన పడ్డాక గానీ పిచ్చుకకి వెలగలేదు. వసారాలో తడి దుప్పటి, నేలమీద క్లిప్పులు, ఫోన్‌లో తను అరిచిన అరుపులు ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. తువ్వాలు కింద పడిపోయింది.

"దేవుడా! అమ్మా, నువ్వు విన్నది... అది బావ గురించి కాదు! అల్లుడంటే వైరస్సు!"

"ఏ రసం?" అంది అమ్మ.

"వైరస్సమ్మా! మా ల్యాబ్‌లో రక్తాలు తియ్యరు. మాది వేరే ల్యాబ్! టీకాలో వాడే వైరస్‌కి మేం పెట్టుకున్న ముద్దుపేరు అల్లుడు!"

ఎవరూ నవ్వలేదు. అక్క చెయ్యి తీసింది కానీ మొహంలో కోపం అలాగే ఉంది. "వేరే పేరే దొరకలేదా మీకు?"

పిచ్చుక గొంతు తగ్గింది. "మా పెద్దాయన పెట్టారు. చెప్పకుండా ఇంట్లో దూరి, కూర్చోబెట్టి మేపించుకుని, సంసారం పెంచుకుని, ఇంక కదలకుండా తిష్టవేస్తాడు, ఇల్లరికపుటల్లుడిలా అని అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బావ మొహం చూశాక అన్నం సయించలేదు. అందుకే ఆ పేరు ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు."

బావ చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు:

"అయితే ఆ అల్లుణ్ణి ఎందుకు నీరసపరిచారు?"

ఆ ఒక్క ప్రశ్న చాలు. పిచ్చుక ఆయన ఎదురుగా చతికిలబడింది.

"వాడికి మనిషి ఒంట్లోకి దూరడం బాగా తెలుసు బావా. అందుకని వాడి చేత ఒక కబురు పంపిస్తాం, ఫలానా జబ్బు ఇలా ఉంటుంది, గుర్తుపట్టుకోండి అని. కానీ ఊరికే పంపితే కబురు చెప్పి ఊరుకోడు, పిల్లల్ని కని ఒళ్ళంతా పాకుతాడు. గట్టిగా ఉన్నవాళ్ళు తట్టుకుంటారు. తట్టుకోలేనివాళ్ళకి ప్రమాదం. అందుకని వాడిలో పిల్లల్ని పుట్టించే ముక్కలు కత్తిరించేశాం."

"పార్సిల్ ఇచ్చి వెళ్ళిపోవాలి. లోపలికొచ్చి మంచం వేసుకోకూడదు. అంతేనా?"

"అంతే!"

"మరి అంత నీరసపడ్డాక పార్సిల్ ఇవ్వగలుగుతున్నాడా?"

"అదే బావా, అదే!" పిచ్చుక మోకాళ్ళ మీద లేచింది. "ఇన్నాళ్ళూ అక్కడే దెబ్బతిన్నాం! కొంచెం కత్తిరిస్తే పొగరు తగ్గేది కాదు. ఎక్కువ కత్తిరిస్తే గుమ్మంలోనే కూలబడేవాడు, కబురు చేరేది కాదు. ఈసారి రోగాన్ని తట్టుకునే శక్తి లేని ఎలుకలకి ఇచ్చాం. ఒక్కదానికీ జ్వరం లేదు. వాడు ఒక్క పిల్లనీ కనలేదు. మామూలు ఎలుకలకిస్తే కబురు మాత్రం పూర్తిగా అందింది! నీరసపడ్డాడు కానీ పని మానలేదు బావా!"

పిచ్చుకకి ఇంక మాట ఆగలేదు.

"వీధి చివర టీకాలు వేసిన రోజు గుర్తుందా? అందరం వేయించుకున్నాం. నీ మందుల చీటీ చూసి 'మీకు ఇది వద్దండీ' అని పంపేశారు. నన్ను ఫెయిల్ చేశారు అని నవ్వుతూ వచ్చావు. ఆ రాత్రే అనుకున్నాను, నీలాంటివాళ్ళకి కూడా వేసే టీకా మీదే పనిచెయ్యాలని. ఆ అల్లుడు నీరసపడితేనే ఈ అల్లుడు క్షేమం."

అక్క చప్పున మొహం తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"తొందరపడకండి మళ్ళీ," అంది పిచ్చుక కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాం. నీరసంగా ఉన్న ఒంటికి ఆ కబురు ఎంతవరకు అర్థమవుతుందో కూడా చూడాలి. మనుషుల దాకా రావాలంటే ఏళ్ళు పడుతుంది."

"పట్టనీ," అన్నాడు బావ. బ్యాగులోంచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నాడు. "నేనెక్కడికి పోతాను? ఇల్లరికపుటల్లుణ్ణి కదా, తిష్టవేసుకునే ఉంటాను."

ఆ ఇంట్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ముందు అక్క నవ్వింది, ఏడుస్తూనే. తర్వాత వచ్చి చెల్లెలి తడిజుట్టు పట్టుకుని గుంజి, ఆ జుట్టులోనే మొహం దాచుకుంది. "జేబులో బ్రష్షు పెట్టుకుని తిరిగావట. నీకు ఉద్యోగం ఎవరిచ్చారే?"

ఇంతలో పిచ్చుక ఫోను మళ్ళీ మోగింది. అక్కాచెల్లెళ్ళు విడివడేలోగా అమ్మ అందుకుంది. అవతలివైపు హడావిడిగా ఉంది, ఎవరో ఆడపిల్ల అడుగుతోంది: "ఏమే, అల్లుడి సంగతి ఇంట్లో చెప్పావా?"

అమ్మ ముక్కు చీది, గొంతు సవరించుకుంది.

"నేను అల్లుడి అత్తగార్ని మాట్లాడుతున్నానమ్మా," అంది బావవైపు చూస్తూ. "చెప్పింది. మా అల్లుడు కూడా నీరసంగానే ఉన్నాడు. పని మాత్రం ఏనాడూ మానలేదు."