కొట్టులో నల్లబల్ల

ఆదివారం పొద్దున్నే ఎదువిహెస్ కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, మరిగేలోపే దించేసింది. తాగబుద్ధి కాలేదు. భర్త దమాసో మాస్టారు పోయి ఆ రోజుకి ఏడాది. సాయంత్రం అయిదింటికి ఆయన పుట్టిన ఊరి చర్చిలో ప్రార్థన. తులన్‌సింగో నుంచి కారులో మూడు గంటల దారి. కొడుకు అబెలార్దో అప్పటికే బయట హారన్ మోగిస్తున్నాడు.

"సాయంత్రం ప్రార్థనకి ఎనిమిదింటికే బయల్దేరడమేంటమ్మా? ఈ వేళప్పుడు దేవుడు కూడా లేచుండడు."

"దారిలో ఆగాలి. టాకోలు తినాలి."

"నాన్న ఏడాది నాడు నీకు టాకోల మీదకి పోయిందా మనసు!"

ఆమె కారెక్కి, నల్ల శాలువా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక మాట పదకొండేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. ఇవాళ చెప్పకపోతే ఇక చచ్చేదాకా చెప్పలేదు. చెబితే, కూతురు ఇక జన్మలో మొహం చూడదేమో.

పచూకా దాటాక, ఆక్తోపాన్ ఇంకా రాకముందే, "కుడిపక్కకి తిప్పు" అంది.

"ఇక్కడేముందమ్మా, కిత్తలి మొక్కలూ కుక్కలూ తప్ప? కాస్త ముందుకెళ్తే మంచి కొట్లున్నాయి."

"తిప్పరా అంటే తిప్పు."

శాంతా రీటా అనే ఆ చిన్న ఊళ్లో, చర్చి వెనక రేకుల కొట్టు. రాత్రంతా గుంతలో కిత్తలి ఆకుల మధ్య మగ్గిన గొర్రె మాంసాన్ని అప్పుడే పైకి తీసినట్టున్నారు. ఆవిరి ఇంకా లేస్తోంది. మొద్దు మీద కత్తితో టకటకా కొడుతున్న ఆడమనిషి తలెత్తకుండానే కేకేసింది. "రండి తెల్లమ్మా, రండి, మధ్యాహ్నానికి మిగలదు!" ఆ కొట్లలో ఎవరైనా తెల్లమ్మే, బొగ్గులా నల్లగా ఉన్నా సరే.

అప్పుడు తలెత్తింది. కత్తి ఆగిపోయింది.

"అక్కా!" అన్నాడు అబెలార్దో. వాడికి తల్లి ఎందుకు ఆపమందో అప్పుడు తెలిసింది.

ఒదిలియా ఏమీ ఎరగనట్టే అడిగింది. "మెడ ముక్కా, పక్కటెముకా?" వాళ్లు చెప్పేలోపే తల్లి పళ్లెంలో మెడ ముక్కలు వేసేసింది. ఎదువిహెస్‌కి చిన్నప్పటి నుంచీ అవే ఇష్టం. వేడి రొట్టె, ఉల్లిపాయ, కొత్తిమీర, పక్కన మాంసపు రసం గిన్నె. అన్నీ ఉన్నాయి. ఎదువిహెస్ ఒక ముక్క రొట్టెలో చుట్టి, తినకుండా మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"ఇవాళ సాయంత్రం మీ నాన్న ఏడాది. రా తల్లీ."

"నేనెందుకు? ఆయన ఉద్యోగం పుచ్చుకున్నవాడున్నాడుగా! కొవ్వొత్తి కూడా వాడే పట్టుకుంటాడు."

మాస్టారి ఉద్యోగమంటే ఆ రోజుల్లో మా వైపు పొలం లాంటిది. దిగిపోయేటప్పుడు బిడ్డ పేరు రాసిచ్చేవాళ్లు. టీచర్ల సంఘం పెద్దలు ముద్ర వేసేవాళ్లు. చదువు చెప్పడం తెలుసా లేదా అని అడిగినవాడు లేడు. పిల్లల బతుకుల మీద ఇంతకంటే సిగ్గులేని వ్యవహారం ఉంటుందా? ఒదిలియా నాలుగేళ్లు టీచరు ట్రైనింగ్ చదివి, మొదటి తరగతిలో పాసై ఇంటికొచ్చింది. పదో తరగతి రెండుసార్లు తప్పిన అబెలార్దో పేరు కాగితం మీదకెక్కింది.

"నేనడిగానా అక్కా?" అన్నాడు వాడు.

"వద్దన్నావా?"

వాడు పళ్లెంలోకి చూశాడు.

"కూతురికి అక్షరాలు దిద్దించిన చేత్తోనే కొడుకు పేరు రాశాడాయన" అంది ఒదిలియా. "ఆ చెయ్యి పడిపోను అన్నాను. ఇప్పటికీ అంటాను."

"ఆయన్ననకు!" ఎదువిహెస్ లేచి నిలబడింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. "చెప్పింది నేను. ఆయన పేరు చోట ఖాళీ ఉంచి నన్నడిగాడు. 'ఒదిలియా చదువుకుంది, దానికే ఇద్దాం' అన్నాడు. అది పెళ్లి చేసుకుపోతుంది, జీతం ఇంకో ఇంటికి పోతుంది, వీడికి ఏ పనీ చేతకాదు, వీడికే రాయి అన్నాను. మూడు రోజులు అన్నం మానేశాను. అప్పుడు రాశాడు."

ఒదిలియా కత్తిని మొద్దు మీద పెట్టేసింది.

"నువ్వు ఆయన్ని తిట్టి మూట సర్దుకున్న రోజు వంటింట్లోనే ఉన్నాను. ఒక్క అడుగు బయటికేసి 'నేనే' అంటే సరిపోయేది. అనలేదు. ఆయనా నా పేరు చెప్పలేదు. పోయేదాకా."

"ఆయన పోయాడని కబురొస్తే నేను రాలేదు." ఒదిలియా గొంతు బాగా తగ్గిపోయింది. "పిడికెడు మట్టి వేయలేదు. రొట్టెలు చేసుకుంటూ కూర్చున్నాను. నువ్వు కళ్లతో చూస్తూ ఊరుకున్నావు."

"తప్పే తల్లీ."

"తప్పంట! నీ బరువు దింపుకున్నావు. తెచ్చి నా నెత్తిన పెట్టావు."

ఎదువిహెస్ మళ్లీ కూర్చుంది. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని దారంతా అనుకుంది. తేలిక కాలేదు. ఆయన బతికుండగానే చెప్పుంటే ఒక్కసారి కూతుర్ని చూసుకునేవాడు. మంచాన పడి రోజూ కిటికీ వైపు చూసేవాడు. ఎవరికోసమో తనకి తెలుసు. తెలిసీ మందు గ్లాసు పట్టుకుని నిలబడింది.

తల్లీ కొడుకూ బల్ల దగ్గర్నుంచి లేవలేదు. పన్నెండింటికి మాంసం అయిపోయింది. ఒదిలియా తడిగుడ్డ తీసుకుని గోడ మీది నల్లబల్ల తుడవడం మొదలెట్టింది. అప్పుడు చూసింది ఎదువిహెస్ ఆ అక్షరాల్ని. గుండ్రంగా, కొలిచి కూర్చోబెట్టినట్టు, వరసలో ఒక్కటీ కిందా మీదా కాకుండా. అచ్చం మాస్టారి రాతే.

"రేపూ అవే వంటకాలుగా? తుడవడమెందుకు?"

"రోజూ తుడుస్తాను. రోజూ రాస్తాను. నాలుగు పేర్లే. అయినా చేతికి సుద్ద కావాలి." ఒదిలియా వెనక్కి తిరగలేదు. "నాకు దక్కిన నల్లబల్ల ఇదొక్కటే."

అబెలార్దో గిన్నె పక్కకి నెట్టాడు. "నేను బోర్డు మీద రాస్తే పిల్లలు నవ్వుతారక్కా" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒదిలియా వాడి వైపు ఒకసారి చూసింది. కోపంగా కాదు.

మెల్లిగా, రేపటి నాలుగు పేర్లూ మళ్లీ రాసింది. సుద్దముక్క అరలో పెట్టి, ఏప్రన్ విప్పింది.

"ప్రార్థన ఎన్నింటికి?"

"అయిదింటికి."

"నీ కోసం కాదు వచ్చేది."

"తెలుసు."

"చేతులు కడుక్కో అక్కా, సుద్ద అంటుకుంది" అన్నాడు అబెలార్దో కారు తలుపు తీస్తూ.

"ఉండనీ. నాన్న దగ్గరికి ఇలాగే వెళ్తాను."

ప్రయాణానికి ముందు బిడ్డ నుదుటి మీద తల్లి సిలువ గుర్తు వేయాలి. పదకొండేళ్ల కిందట ఒదిలియా అది లేకుండానే గడప దాటింది. ఎదువిహెస్ చెయ్యి ఎత్తింది. ఒదిలియా ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"ఇవాళ వద్దమ్మా."

పొద్దుటి నుంచీ ఆ పిల్ల నోట 'అమ్మా' అన్న మాట రావడం అదే మొదటిసారి. ఎదువిహెస్ వెనక సీట్లో కూర్చుని, తన వేళ్లకి అంటిన తెల్ల సుద్దని తుడుచుకోకుండా, శాలువాలో మొహం దాచుకుని ఏడ్చింది.