అమ్మ పెట్టెలో మిగిలిన బెత్తెడు

"ఆ టేపు దూరంగా పెట్టు. నేనింకా బతికే ఉన్నాను."

తలమీద చేపల బేసినుతో కోర్కోయ్ రెండడుగులు వెనక్కి వేసింది. ఎదురుగా నిలబడ్డవాడు అషితే, తేషీ ఊరి సముద్రపు ఒడ్డున శవపేటికలు చేసే వడ్రంగి కొడుకు. యూనివర్సిటీలో వెన్నెముకల మీద రీసెర్చ్ చేస్తున్నాడట. చేస్తే చేశాడు, మనుషుల్ని కొలవడానికి తండ్రి టేపే పట్టుకొచ్చాడు మహానుభావుడు. దానికి వార్నిష్ వాసన ఇంకా వదల్లేదు. మిగతా చేపలమ్మలు అతన్ని చూడగానే సందుల్లోకి మాయమైపోయారు.

"సరే, టేపు జేబులో పెట్టేశాను. ఆ గుంజకి ఆనుకుని నిలబడు చాలు. బొగ్గుతో గీత గీస్తాను. సాయంత్రం ఇంకోసారి."

"గీస్తే నాకేంటి లాభం?"

"రోజుకి రెండుసార్లు నన్ను చూడొచ్చు."

కోర్కోయ్ నవ్వు ఆపుకుని బేసిను దించమంది. నిండు బేసినుని ఎవరూ ఒంటరిగా దించుకోలేరు. అతను దించాడు. ఆమె తమ వాకిట్లో, చేపల్ని పొగబెట్టే పొగగూటి గుంజకి ఆనుకుంది. ఎవరైనా తనకి ఇంత దగ్గరగా నిలబడి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తులేదు.

దానికి కారణం ఊరందరికీ తెలుసు. తల్లి పోయినప్పుడు, బతుకంతా చేపలు మోసి అమ్మిందని, అషితే తండ్రే చేప ఆకారంలో పెట్టె చేశాడు. ఆయన పెట్టె అంటే కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోవాలి. ఆ రోజు మాత్రం కాళ్ళ దగ్గర బెత్తెడు మిగిలిపోయింది. ఆ ఖాళీ కూతురికోసమేనని, తల్లి ఆమెనీ లాక్కుపోతుందని గుసగుసలు మొదలయ్యాయి. అప్పట్నుంచి ఏ కుర్రాడి తరఫువాళ్ళూ పిల్లనడగడానికి వాళ్ళ తలుపు తట్టలేదు.

సాయంత్రం సముద్రం మీంచి పొగమంచు వాకిట్లోకి పాకుతోంది. కోర్కోయ్ మళ్ళీ గుంజకి ఆనుకుని, తలమీద చెయ్యి ఆనించి చూసుకుంది. పొద్దున అతను గీసిన గీత చేతికి పైన ఉంది.

"గీత జరిపావా?"

"లేదు."

ఆమె వీధి వైపు తిరిగింది. వీధి చివర, వడ్రంగి కొట్టు ముందు కొత్త పెట్టె ఒకటి ఆరబెట్టి ఉంది. నోరు తెరిచిన చేప అది. పొద్దున సముద్రం వైపు ఉన్న ఆ నోరు ఇప్పుడు ఇటు తిరిగి ఉంది.

"అమ్మ కూడా ఇలాగే తగ్గుతూ పోయింది. నన్ను కొంచెం కొంచెంగా లాక్కుంటోంది."

"పెట్టెని ఎండ వైపు తిప్పింది మా నాన్నే. నువ్వు తగ్గడానికీ కారణం ఉంది. వెన్నెముకలో ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటి దిళ్ళలాంటి డిస్కులుంటాయి. బరువు పడితే వాటిలో నీరు బయటికి పోతుంది. పడుకున్నప్పుడు మళ్ళీ తాగుతాయి."

"ఎవరిస్తారు వాటికి నీళ్ళు?"

"నీ ఒళ్ళే. రేపు లేవగానే వచ్చి నిలబడు. గీత నీకోసం కాచుకుని ఉంటుంది."

తెల్లవారాక కోర్కోయ్ భయం భయంగా నిలబడింది. గీత సరిగ్గా నడినెత్తికి తగిలింది. ఆమెకి ఏడుపొచ్చింది, వెంటనే అనుమానమూ వచ్చింది.

"మరి మా అమ్మ ఎందుకు పెరగలేదు?"

అషితే గుంజ మీద గీతని వేలితో తడిమాడు. "ఏళ్ళ తరబడి మోస్తే డిస్కులు పల్చబడిపోతాయి. ఎముకలూ కుంగుతాయి. ఇంక ఎంత పడుకున్నా ఆ పొడవు తిరిగి రాదు. మా నాన్న టేపు పెట్టేది చెక్కకే, శవాన్ని కొలవడు, ఇంటివాళ్ళు చెప్పిన కొలతే తీసుకుంటాడు. అప్పుడు ఎవరు చెప్పారు?"

"నేనే."

గడపలో అమ్మమ్మ నిలబడి ఉంది.

"నా కూతురి పెళ్ళినాటి పొడవు చెప్పాను నాయనా. నా కళ్ళకి అదెప్పుడూ అంతే ఉండేది. తగ్గిందని నాకు తెలీదు."

ఇన్నేళ్ళూ కోర్కోయ్ ఏ ఖాళీకి భయపడిందో అది తనది కాదు. అది అమ్మది, బేసిన్ల కింద పోయిన అమ్మ పొడవు.

ఆమె కళ్ళు తుడుచుకుని బేసిను వైపు వంగింది. అషితే ఇంకో అంచు పట్టుకున్నాడు.

"ఎత్తడానికి ఎవరైనా వస్తారు కోర్కోయ్. దించడానికి రోజూ నేనుంటాను. ఉండనా?"

"నా పొడవు తగ్గిపోయాక కూడానా?"

"అప్పటికి నేనూ తగ్గుతాగా."

అమ్మమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, పోయినవాళ్ళకి వదిలినట్టు కూతురి పేరు చెప్పి గుంజ మొదట్లో పోసింది. ఇసక గుటుక్కున మింగేసింది. అమ్మమ్మ అషితే వైపు తిరిగింది.

"మీ పెద్దవాళ్ళని పంపు, వచ్చి తలుపు తట్టమను. మీ నాన్నని మాత్రం ఆ టేపు ఇంట్లో వదిలేసి రమ్మను."