కొలత కన్ను

మా పెద్ద డాక్టరుగారికి తెలియని విషయం లోకంలో లేదు, తన పని తప్ప. గదిలోకి ముందు ఆయన సెంటు వాసన వస్తుంది, వెనకే ఆయన వస్తారు, బుర్ర మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. ఆయన కింద డాక్టరుగా పనిచేయడం నా ఖర్మ.

మా దగ్గర ఒక యంత్రం ఉంది. కంటిని తాకదు, నొక్కదు. సన్నటి వెలుగు పంపి, తిరిగొచ్చిన వెలుగును బట్టి కంటి పొర ఎంత మెత్తగా ఉందో తెర మీద రంగుల్లో చూపిస్తుంది. మెత్తనిదైతే నీలం, గట్టిదైతే ఎరుపు. రోగిని కూర్చోబెట్టే ముందు, గట్టిదనం తెలిసిన జెల్లీ బిళ్లతో దాన్ని సరిచూసుకోవాలి. బిళ్లలు అయిపోయాయి. తెప్పించే ఓపిక లేక ఈ మహానుభావుడు, ఎవరో దానం చేసిన కన్ను మార్పిడికి పనికిరాదంటే, దాన్ని గాజు గిన్నెలో పెట్టి వాడేస్తున్నారు.

"చచ్చిన కన్నేగా, దానికేం తెలుస్తుంది?" అని నవ్వుతారు. ఆ నవ్వంటే నాకు అసహ్యం.

ఆ మధ్యాహ్నం వచ్చిన రోగి మా చెల్లి. కుడి కంటి పొర పల్చబడిపోతోంది. ఆపరేషన్‌తో చూపు నిలుస్తుందో లేదో ఈ బొమ్మే తేల్చాలి. ఎడమ కంటికి పట్టీ వేసి, కిటికీ తెరలు దించాను. చీకట్లో స్పిరిట్ వాసన, యంత్రం సన్నటి రొద.

ముందు గిన్నెలోని కన్ను. రోజూ ఎర్రగా వచ్చేది... నీలంగా వచ్చింది. ఆ నీలం మెల్లగా కొట్టుకుంటోంది. నాడిలా.

"సార్..." గొణిగాను.

"మెషీన్‌కి తిక్క పుట్టిందయ్యా. కానియ్," అంటూ గిన్నె తీసి చెల్లికి ఎదురుగా బల్ల మీద పెట్టారు.

చెల్లి యంత్రానికి గడ్డం ఆనించింది. నేను పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. తెర మీద ఎరుపు. అంచు నుంచి అంచు దాకా ఎరుపే. కదలిక లేదు.

"అన్నయ్యా..." చెల్లి గుసగుసలాడింది. "ఎదురుగా నేనే కనిపిస్తున్నానేంటి? నీ చెయ్యి నా భుజం మీద ఉంది..."

"పిరికితనం మీ ఇంట్లో అందరికీ ఉన్నట్టుంది," అని విసుక్కుంటూ పెద్ద డాక్టరు లైటు వేశారు. గిన్నె మీద స్టీలు మూత పెట్టారు.

గదంతా వెలుగు. చెల్లి కుడి కన్ను తెరిచే ఉంది.

"లైటెందుకు ఆపేశావన్నయ్యా?"