కాదు అనే సర్వర్

కెంపుగడ్డలో పంకా వేగం పెంచాలన్నా భూమిని అడగాలి. ఇరవై రెండో శతాబ్దం గడప తొక్కుతున్న రోజులవి. అంగారకుడి మీద నాలుగు గాజు గుమ్మటాలు, వాటి మధ్య సొరంగాలు, అదే ఊరు. గుమ్మటం దాటితే పీల్చడానికి ఏమీ లేదు. అంచేత గాలి పంకాలూ, వేడి గొట్టాలూ, నీటి మోటార్లూ అన్నీ యంత్రాల చేతిలో పెట్టారు. అవి మనిషి మాట నేరుగా వినవు. మనిషి పంపే "దూరపిలుపు" భూమ్మీదున్న కేంద్రానికి వెళ్ళాలి, వాళ్ళు సరేనంటే అది తిరిగొచ్చి పంకాను తిప్పాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టుంటుంది వ్యవహారం.

దూరపిలుపు అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వీధరుగు మీద కూర్చున్న మొగుడు "కాఫీ" అని కేకేస్తాడు. పొయ్యి ఎలా రాజేశారో, పాలు ఎక్కణ్ణుంచి తెచ్చారో వాడికి తెలీదు, అక్కర్లేదు. గ్లాసు చేతికొస్తుంది. పిలిచేది ఇక్కడ, పని జరిగేది అక్కడ, ఫలితం మళ్ళీ ఇక్కడికి. వంటింట్లో ఉండి ఆ కేకకి పలికేదాన్ని సర్వర్ అంటారు.

కేంద్రం మంచిదే. ఏనాడూ కాదనలేదు. ఏమడిగినా, ఒక పూట వంట అయ్యేంతసేపు ఆగి, "మీ పిలుపు పరిశీలనలో ఉంది" అనేది. అంతే, ఇంకేం అనేది కాదు.

గాలి విభాగం ఇంజనీరు పైడితల్లికి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఉత్తర గుమ్మటంలో జనం వదిలిన గాలి పేరుకుపోతోంది. పొద్దున్న లేస్తే తలనొప్పి, మధ్యాహ్నానికి మగత. రెండో పంకా తిప్పితే చాలు. అడుగుతూనే ఉంది, పరిశీలిస్తూనే ఉన్నారు. ఆ గుమ్మటంలోనే ఆమె తమ్ముడు సింహాచలం కాపురం. వాడి భార్య రమణమ్మ నిండు చూలాలు. ఒకరోజు ఆమె పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది.

పైడితల్లి నేరుగా స్థానిక అధికారి విశ్వంభరరావు గదికి వెళ్ళింది.

"పంకా నేనే తిప్పుతాను," అంది.

"అలా కుదరదమ్మా. పైనుంచి ఉత్తర్వు లేకుండా..."

"ఏ పైనండీ? ఇక్కణ్ణుంచి సూస్తే భూమి కూడా ఓ సుక్కే. దానికి దండం ఎట్టుకోవాలా, లేకపోతే నా మరదల్ని బతికించుకోవాలా?"

"ఉద్యోగం పోతుంది."

"పోనీండి. గాలి పోయాక ఉద్యోగం ఏటి సేసుకుంటాను?"

మట్టి పరీక్షలకు వాడి మూల పడేసిన పాత కంప్యూటరొకటి దులిపి తెచ్చుకుంది. అందులో "చిలక" అనే స్క్రిప్టు భాష ఉంది. చెప్పింది చెప్పినట్టు పలుకుతుందని ఆ పేరు. చకచకా రాసుకోవచ్చు, అక్కడికక్కడే నడిపి చూసుకోవచ్చు. ముందు పిలుపు వినే గుమ్మం తెరిచింది. తర్వాత పనుల పేర్లు ఎక్కించింది: గాలి పెంచు, వేడి పెంచు, నీళ్ళు వదులు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఆ పని తనకు వచ్చో రాదో చూసుకోవాలి, రాకపోతే రాదని చెప్పాలి. వస్తే బ్యాటరీల్లో కరెంటెంతుందో, మిగతా గుమ్మటాలకేం కావాలో లెక్క కట్టాలి. చాలితే చేసి "సరే" అనాలి. చాలకపోతే "కాదు" అని, ఎందుకు కాదో కూడా చెప్పాలి. మూడో జవాబు లేదు. రాసింది చూస్తే ఒక పేజీ కూడా నిండలేదు.

తర్వాత పంకాల దగ్గరికి పోయి, వాటికి కేంద్రం చిరునామా చెరిపేసి తన కంప్యూటరు చిరునామా ఇచ్చింది. అదొక్కటీ నేరం. మిగతాదంతా చదువే.

"గాలి పెంచు, ఉత్తర గుమ్మటం," అని పిలిచింది.

"సరే," అంది సర్వర్. రెక్కలు కదిలాయి. సొరంగంలో ఆరేసిన చీరలు ఎగిరాయి. రమణమ్మ ఆ వారంలోనే ఆడపిల్లను కంది. ఊరంతా పైడితల్లిని నెత్తిన పెట్టుకుంది. వేడి గొట్టాలకీ, నీటి మోటార్లకీ కూడా ఆమె అదే చిరునామా ఇచ్చేసరికి, అందరూ అన్నిటికీ ఆ సర్వర్‌నే పిలవడం మొదలెట్టారు. విశ్వంభరరావు మాత్రం ఆమె ఉద్యోగం పీకలేదు. అది ఆమెకు వింతగానే తోచింది.

ఆ తర్వాత దుమ్ము లేచింది. ఎర్రటి దుమ్ము ఆకాశాన్ని కప్పేసి సూర్యుణ్ణి కందిపప్పు బద్దలా చేసింది. సౌరఫలకాలు డీలా పడ్డాయి. సర్వర్, ఉన్న కరెంటంతా గాలికి పెట్టి, మిగతావాటికి లెక్క చూపించి మరీ "కాదు" అనసాగింది. వేణ్ణీళ్ళు కాదు. తోటలో దీపాలు కాదు. సింహాచలం కూతురి బారసాలకి గది వెచ్చబెట్టమని అడిగితే, అదీ కాదు.

జనం పెద్ద గుమ్మటంలో చేరారు. ముందు నిలబడింది తమ్ముడే.

"అక్కా, నీ పెట్టికి పెద్దా సిన్నా నేదేటి? మొహమ్మీదే కాదంటాది?"

"కరెంటు లేదురా. ఉన్నది ఉన్నట్టు సెప్పింది."

"నేకపోతే నేదు. సూద్దాం అనొచ్చు కదా. సుట్టాలందర్నీ పిలుసుకున్నాను. ఆళ్ళ ముందు తల తీసేసినట్టయిపోనాది."

"ఆ సూద్దామే కదురా నీ పెళ్ళాన్ని సంపబోయింది?"

"సంపితే సంపింది. మర్యాదగా సంపింది."

నవ్వేవాళ్ళు నవ్వారు గానీ ఎక్కువమంది తలలూపారు. సాయంత్రంలోగా మూడో జవాబు రాయాలి, లేదా పంకాలు మళ్ళీ కేంద్రానికి కలపాలి. అదీ తీర్మానం.

గదికి తిరిగొచ్చేసరికి విశ్వంభరరావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"రాసెయ్యమ్మా, ఒక్క వాక్యమేగా. కానీ జవాబు వెంటనే ఇవ్వనీయకు. కాసేపు ఆగాలి, లేకపోతే పరిశీలించినట్టు నమ్మరు," అన్నాడు.

"మీకెలా తెల్సు?"

ఆయన ఆమెను తన గదికి తీసుకెళ్ళి, తలుపు తీసి చూపించాడు. బల్ల కింద, చెప్పుల పెట్టంత డబ్బా ఒకటి మినుకు మినుకుమంటోంది.

"కేంద్రం ఆఫీసు ఎత్తేసి చాలా ఏళ్ళయింది. యంత్రాలు పాత లెక్క ప్రకారం వాటంతటవే తిరుగుతున్నాయి. పిలుపులన్నీ దీనికే వస్తాయి."

"అయితే రమణమ్మ పడిపోయిన రోజు..."

"దీనికి పంకా తిప్పడం రాదమ్మా. జవాబివ్వడమొక్కటే వచ్చు."

పైడితల్లి వంగి బల్ల కిందికి చెయ్యి పెట్టింది. తీగ పీకి, డబ్బా చంకన పెట్టుకుని, పెద్ద గుమ్మటానికి నడిచి అందరి మధ్యా దాన్ని నేలకేసి కొట్టినంత పని చేసింది.

"ఇదిగో మీ కేంద్రం," అంది. "భూమ్మీద మీ మాట వినేవాడెవడూ లేడు. ఇన్నేళ్ళూ ఈ డబ్బాకి మొరెట్టుకున్నారు. ఇప్పుడు సెప్పండి, పంకాలు దీనికి కలపమంటారా?"

ఎవరైనా ఏడుస్తారనుకుంది. అధికారి మీద పడి కొడతారనుకుంది. దానికీ సిద్ధపడే వచ్చింది. ఎవరూ కదల్లేదు. సింహాచలం తల గోక్కున్నాడు.

"తెల్సక్కా," అన్నాడు.

"ఏటి తెల్సు?"

"అక్కడెవరూ లేరని. అందరికీ తెల్సు. మా మావ సచ్చిపోయే ముందే సెప్పాడు."

"తెలిసీ అడిగేవోళ్ళా?"

"తెలిస్తే అడక్కూడదా ఏటి?"

ముసలావిడ ఒకామె ముందుకొచ్చి, కొంగుతో డబ్బా మీది దుమ్ము తుడిచింది. పగిలిందేమోనని చుట్టూ తడిమి చూసింది. ఎవరో తీగ తెచ్చి గోడకు కలిపారు. డబ్బా మళ్ళీ మినుకుమంది. చెప్పకుండానే దాని ముందు వరస కట్టారు. సింహాచలం పిల్లను భుజాన వేసుకుని మొదట నిలబడ్డాడు.

పైడితల్లి అందరినీ ఒకసారి చూసింది. పంకాలు ఇంకా తన సర్వర్ చేతిలోనే ఉన్నాయి. ఆ తీర్మానం ఊసు ఇప్పుడెవరికీ లేదు. ఇక అక్కడ తనతో పనిలేదని వెనుదిరిగింది.

"అమ్మా, పైడితల్లమ్మా," ముసలావిడ వెనక నుంచి పిలిచింది. "దీన్ని కూడా నీ పెట్టిలోనే కలిపీ తల్లీ. ఇక్కడో సారీ అక్కడో సారీ తిరగలేం. ఒక్క దగ్గరే అడుక్కుంటాం."

పైడితల్లి ఆగలేదు. వెనక్కి చూడకుండానే జవాబిచ్చింది.

"కాదు."