చెరిపేసిన మాటకు జవాబు

పంపకుండా చెరిపేసిన మాటకు జవాబు వచ్చేసరికి శోభ వేళ్లు కీబోర్డు మీదే బిగుసుకుపోయాయి.

తెర మీద గవిరాజు తన ఎద్దుల బిడారును కోటద్వారం ముందు ఆపాడు. సంచిలోంచి చిన్న పొట్లం తీసి నీలవేణి చేతిలో పెట్టాడు. "ఇంట్లో అమ్మకు ఇవ్వు. జ్వరం తగ్గుతుంది" అన్నాడు.

మందు మంచిదే. మాటా మంచిదే. చిక్కల్లా ఒక్కటే. నీలవేణికి అమ్మ లేదు. కథ మొదట్లోనే పోయింది. జ్వరంతో పడుకున్న అమ్మ ఉన్నది శోభకు.

'సుంకద్వారం' ఇంటర్నెట్‌లో ఆడే ఆట. అందులో బొమ్మలుండవు, తుపాకుల మోతలుండవు. అంతా రాతే. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని ఆ పాత్ర ఏం చేసిందో, ఏమన్నదో రాస్తారు. ఎదుటివాళ్లు అందుకుని కథ నడిపిస్తారు. శోభ కోటద్వారం దగ్గర సుంకం వసూలు చేసే నీలవేణి. గవిరాజు ఊరూరా సరుకు మోసే వర్తకుడు. ఆ పేరు వెనక ఉన్న అసలు మనిషి ఎవరో ఆమెకు తెలియదు. అడగకూడదు కూడా. ఆట బయటి సంగతి ఆటలోకి రాకూడదన్నది అక్కడ అందరూ పాటించే కట్టుబాటు.

ఆ ఉదయం అమ్మ రామక్క ఒళ్లు కాలిపోతుంటే శోభ దిగులుగా 'అమ్మకు జ్వరం. రాయబుద్ధి కావడం లేదు' అని టైప్ చేసిన మాట నిజమే. ముక్కూమొహం తెలియనివాడికి ఇంటి సంగతులెందుకని వెంటనే చెరిపేసింది. 'సుంకం కట్టి కదులు' అని మాత్రం పంపింది.

మరి వీడికెలా తెలిసింది?

ఆట బయటి మాటల కోసం పక్కనే ఇంకో పెట్టె ఉంటుంది. అందులో అడిగింది: "నీలవేణికి అమ్మ లేదు కదండీ?"

అవతల టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి.

"పొరపాటండీ. ఇంకో కథతో కలిసిపోయింది."

అంత చిన్న అబద్ధానికి అంతసేపు పట్టింది! శోభ లాప్‌టాప్ మూసేసింది. గుండె మాత్రం మగ్గంలో దారం మోసే నాడెలా అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది.

ఎందుకంటే ఆమె చెరిపేసింది జ్వరం సంగతి ఒక్కటే కాదు. ఒకసారి గవిరాజు రోజంతా రాలేదు. మర్నాడు అతను కనిపించగానే 'నువ్వు రాయని రోజు మా వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయినట్టుంటుంది' అని రాసి, సిగ్గుతో తుడిచేసింది. అదీ చదివాడా? చదివి నవ్వుకున్నాడా? తన పేరు చెప్పి, అతని పేరు అడిగేద్దామా అని వారంగా ఊగిసలాడుతోంది. ఇప్పుడు తేలవలసిందల్లా ఒక్కటే. తను మనసు పడింది మనిషి మీదా, దొంగ మీదా?

ఆదోనిలో ఉన్న అఫ్సానాకు ఫోన్ చేసింది. ఇద్దరూ డిగ్రీ కలిసి చదివారు.

"అఫ్సానా, నా లాప్‌టాప్‌లో ఎవరో ఉండారే."

"యా అల్లా! దయ్యమా?"

"దయ్యమైతే బాగుండు. మనిషి."

"మొన్న పాలాయన మీద అనుమానం. నిన్న టైలరు మీద. ఈ పొద్దు లాప్‌టాప్ మీద పడితివా?"

"పాలల్లో నీళ్లు కలిపినాడా లేదా?"

"కలిపినాడులే. సరే, సెప్పు."

శోభ చెప్పింది. అఫ్సానా నవ్వడం మానేసింది.

"నువ్వు టైప్ చేసేది చూడగలిగేటివి అందులో ఏమేముండాయి?"

బ్రౌజర్ పైమూల మూడు చిన్న గుర్తులు వరుసగా కూర్చుని ఉన్నాయి. మూడూ ఎక్స్‌టెన్షన్లే, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే పనిముట్లు. మొదటిది రంగులది. పదిమంది ఒకేసారి రాస్తుంటే ఎవరి మాట ఎవరిదో తికమక పడకుండా ఒక్కో పాత్రకు ఒక్కో రంగు వేస్తుంది. రెండోది పాచికలది. కథలో కత్తులు దూసుకుంటే గెలుపెవరిదో పాచిక వేసి తేలుస్తుంది. మూడోది రాసిన ప్రతి ముక్కనూ అప్పటికప్పుడు దాచిపెట్టేది. కరెంటు పోయినా, పేజీ మూసుకుపోయినా రాసింది గాలికి పోదు.

"ఆ మూడోది ఎవరు పెట్టినారు?"

"మీ ఊర్లోనే. రిపేరు షాపు మహేంద్ర."

"మనిషి ఎట్లుంటాడు?"

"నాకేం గుర్తు? కళ్లద్దాలు పెట్టుకుంటాడు. ఒకపక్క వంగుంటాయి. మాట్లాడేటప్పుడు వాటిని పైకి తోస్తాంటాడు."

"గుర్తులేదంటివి!"

గుర్తులేకపోవడమేమిటి? ఆ రోజు షాపులో జరిగింది చిన్న రభస కాదు.

లాప్‌టాప్ బోర్లించి చూసి మహేంద్ర నోరు తెరిచాడు. "మేడమ్, స్క్రూలకు గోళ్లరంగు ఎందుకు పూసినారు?"

"లోపల సామాన్లు మార్చితే తెలియాల కదన్నా."

"నేను దొంగ మాదిరి కనపడతాండానా?"

"దొంగలు దొంగల మాదిరి కనపడితే పోలీసులెందుకన్నా?"

అతను అద్దాలు పైకి తోసుకున్నాడు. "దొంగ అంటే అనండి. ఆ అన్నా అనేది మాత్రం వొద్దు మేడమ్."

బయట వాన పట్టుకుంది. వాన తగ్గేదాకా తమ ఊరు ఎమ్మిగనూరు బస్సు అందుకునే దారి లేదు. షట్టరు కింద నిలబడి వాన చూస్తూ, కరెంటు పోయినప్పుడల్లా రాసిందంతా పోతోందని, ఇల్లు తగలబడినంత బాధగా చెప్పింది. ఏం రాస్తారని అతను అడిగితే ఆట చూపించింది. అతను నీలవేణి రాతలు చదివి, "ఈమె సుంకం అడిగితే మీసాలున్నోడైనా కట్టాల్సిందే" అన్నాడు. ఆ మూడో పనిముట్టు పెట్టి ఇచ్చాడు.

"ఒక మాట సెప్పు," అంది అఫ్సానా. "గవిరాజు ఆటలోకి ఎప్పుడొచ్చినాడు?"

శోభ పాత పేజీలు తిరగేసింది. తేదీలు లెక్కపెట్టింది.

"లాప్‌టాప్ బాగై వచ్చిన మూడో రోజు."

"అయిపాయె. కేసు తేలిపాయె."

"అట్ల తేలదు. రుజువు కావాల."

శోభ విచారణ మొదలుపెట్టింది. రంగులది ఒక్కటే ఉంచి తక్కిన రెండూ ఆపింది. 'మల్లెపూల వాసన నాకు పడదు' అని రాసి చెరిపింది. గవిరాజు ఉలకలేదు. పాచికలది ఒక్కటే ఉంచి, 'తమ్ముడు పరీక్ష తప్పాడు' అని రాసి చెరిపింది. ఆమెకు తమ్ముడే లేడు. గవిరాజు పలకలేదు. మూడోదాన్ని ఒక్కదాన్నే ఉంచి, 'రేపు పెళ్లిచూపులు' అని రాసి చెరిపింది. బిడారు ఎద్దులకు గడ్డి వేస్తున్నట్టు రాశాడు తప్ప ఒక్క మాటా తూలలేదు. కాకపోతే ఆ ఎద్దులు ఆ రోజు గడ్డి ముట్టలేదని రాశాడు. అది రుజువని ఏ కోర్టు ఒప్పుకుంటుంది?

"హుషారైనాడే," అంది శోభ ఫోన్‌లో. "నేను అడిగినప్పటి నుంచీ జాగ్రత్త పడుతాండాడు."

"శోభా, నన్ను తిట్టకుండా విను. ఆ దొంగ ఇన్నాళ్లలో నీదేమైనా దోచినాడా? ఎవరికన్నా సెప్పినాడా?"

"లేదు."

"గమ్మునుండింటే జన్మలో దొరికేవాడు కాదు. జ్వరమనంగానే పొట్లం ఎత్తుకొచ్చి దొరికిపాయె. వీడెట్లాంటి దొంగ?"

ఆ ప్రశ్న శోభ మనసులో మేకులా దిగింది. నిజమే. ఉత్త కబుర్లకు వాడు కదలడు. ఆపద అయితే? అందులోనూ ఒక రిపేరువాడు విని ఊరుకోలేని ఆపద అయితే?

ఆదివారం పొద్దున లాప్‌టాప్ తెరిచింది. అఫ్సానాకు కూడా చెప్పలేదు. 'ఛార్జర్ వైరు తెగి రాగితీగ బయటికొచ్చింది. ముట్టుకుంటే జుమ్మంటోంది. తడిగుడ్డ చుట్టి వాడుతున్నా' అని టైప్ చేసింది. రెండు క్షణాలు ఆగి చెరిపేసింది.

తెర మీద గవిరాజు ఎవరితోనో బేరం ఆడుతున్నాడు. బేరం సగంలో ఆగిపోయింది.

కాసేపటికి ఆమె ఫోన్ మోగింది. పేరు లేని నంబరు. ఎత్తలేదు. మళ్లీ మోగింది. మళ్లీ. ఎత్తాలని చెయ్యి లాగింది. చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత ఫోన్ నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది.

వీధి తలుపు దబదబా మోగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

మగ్గం మీదున్న నాన్న శేషప్ప నాడె ఆపి తలెత్తాడు. గుమ్మంలో మహేంద్ర. చెమటకు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో కవరు కూడా విప్పని కొత్త ఛార్జర్. ఇంకో చేతిలో ఆ రోజు బిల్లు కోసం ఆమె చేత రాయించుకున్న ఫోన్ నంబరు, చిరునామా చీటీ.

"మేడమ్, ముందు ఆ ప్లగ్ తీసేయండి! తడిగుడ్డ ఎవరైనా చుడతారా?"

"ఎవరప్పా నువ్వు?" అన్నాడు శేషప్ప.

"ఆదోని. లాప్‌టాప్ రిపేరు."

"పిలిపించినావామ్మా?"

"లేదు నాయనా," అంది శోభ. లోపలికి వెళ్లి తన ఛార్జర్ తెచ్చి అతని ముందు పెట్టింది. నల్లగా, నున్నగా, గీత కూడా లేని వైరు.

మహేంద్ర దాన్ని చివరి నుంచి చివరిదాకా తడిమాడు. తెగింది ఎక్కడా లేదు. ముందు గట్టిగా ఊపిరి వదిలాడు. సంగతి అర్థమైంది ఆ తర్వాతే. కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"దీని సంగతి నేను ఎవరికీ సెప్పలేదు మహేంద్రా," అంది శోభ, నెమ్మదిగా. "రాసి చెరిపేసినా. ఎవరు సెప్పినారు నీకు?"

అన్నా అనలేదని అతను గమనించే స్థితిలో లేడు. లోపల మంచం మీంచి రామక్క నీరసంగా కేకేసింది. "ఎండనపడి వచ్చినాడు పాపం, ఆ పిల్లోనికి నీళ్లన్నా ఇయ్యండి! అడిగేది తర్వాత అడుగుదురు."

శేషప్ప చెంబు అందించి మగ్గం దగ్గరికి వెళ్లాడు. నాడె మాత్రం కదపలేదు. చెవి ఇటే ఉంది.

శోభ ఎదురుగా మోడా లాక్కుని కూర్చుంది. "సెప్పు."

మహేంద్ర నీళ్లు తాగకుండానే చెంబు కింద పెట్టాడు.

"నేనే మేడమ్. ఆ పొద్దు అది పెట్టేటప్పుడు షాపు అకౌంట్‌తో పెట్టినా. మా ఊర్లో అందరం అట్లే చేస్తాం, కస్టమరు పాస్‌వర్డ్ మర్చిపోతే మళ్లీ మా దగ్గరికే వస్తారని. బయటికి తీసి మీ అకౌంట్ పెట్టాల్సింది. వానలో బస్సు పోతాదని మీరు తొందర పెడితిరి, నేను మర్చిపోతి. అది దాచేదంతా, చెరిపిన మాటలతో సహా, ఆ అకౌంట్‌లోకే పోతాది; మర్నాడు షాపు కంప్యూటర్‌లో మీ రాతలు కనపడినాయి. అంతవరకు పొరపాటు. ఆ తర్వాతది పొరపాటు కాదు, తప్పు. తీసేయాలని ఆ బటన్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నా. తీయలేదు. నీలవేణిని వదిలిపెట్టలేక గవిరాజు పేరు పెట్టుకొని ఆటలోకి వచ్చినా. మీరు పంపినవి చదివి నవ్వుకున్యా. చెరిపినవి చదివి నిద్రపోలేకపోయినా. మగ్గాలు ఆగిపోయినట్టుంటుందని రాసినారు చూడండి, దానికి మాత్రం జవాబు రాయలేదు. నాకు ఇయ్యని మాటను నాదే అనుకుంటే ఇంక నాకు సిగ్గేముంటాది? పెళ్లిచూపులని రాసిన రోజు నేను అన్నం తినలేదు, ఎద్దుల పేరు పెట్టి రాసుకున్యా. అమ్మకు జ్వరమన్నప్పుడు గమ్మునుండాలనే అనుకున్యా, చేతకాలేదు. ఈ పొద్దు షాకు కొడతాదంటే కూడా అంతే. ఇది మీరు వేసిన ఉచ్చేమో అని బస్సులో ఒకసారి అనిపించింది. నిజమైతే ఎట్ల అని దిగలేదు. బస్సెక్కే ముందు ఆ అకౌంట్‌లోంచి మీ రాతలన్నీ తీసేసినా, మీ లాప్‌టాప్‌ను కూడా తప్పించినా. ఇంక మీరేం రాసినా, ఏం చెరిపినా నాకు తెలీదు. మీ నాయన ఆడ మగ్గం ఆపి వింటాండాడు, మీరు ఈడ నవ్వు ఆపుకుంటాండారు. అది కోపంలో వచ్చే నవ్వో, ఇంకోటో నాకు నిజంగా తెలీదు శోభా. నోరు తెరిచి మీరు సెప్తేనే తెలిసేది. పొమ్మంటే ఆదోని బస్సుకు ఇంకా టైముంది. ఉండమంటే, ఈ నీళ్లు తాగుతా."