నిక్కచ్చి ఎరగని ఊరు

తెర మీద ఎర్రగీత మూడోసారి పడింది. వార్త మళ్లీ ఆగిపోయింది.

ఆ యంత్రం పేరు నిక్కచ్చి. జర్నలిజం కాలేజీలో డాక్టర్ వాసంతి తయారుచేసింది. విద్యార్థులు రాసిన ప్రతి వార్తనూ శాటిలైట్ మ్యాపుతో, సర్కారు రికార్డులతో సరిచూస్తుంది. కుదిరితే జిల్లాలోని ఫోన్లన్నిటికీ పంపుతుంది. కుదరకపోతే అబద్ధమంటుంది. పదేళ్లుగా జనం దాన్ని అడగందే ఏదీ నమ్మరు.

అదే కాలేజీలో శుక్రవారాలు నేను సీసపు అక్షరాలు పేర్చి అచ్చువేయడం నేర్పుతాను. నాది మూడో తరగతి చదువు. కాగితం మీద అక్షరాలు కూడబలుక్కోవాలి. సీసంలో తిరగేసి ఉంటే గడగడా చదువుతాను. ఆరేళ్ల కిందట పిల్లల ముందు నన్ను మ్యూజియం తాత అన్నది ఈ వాసంతమ్మే. మరిచిపోలేదు, మరిచిపోను.

వార్త రాసింది నూకరత్నం, చివరి సంవత్సరం పిల్ల. మూడింటికి ఉప్పెన, పోలమ్మదిబ్బ ఖాళీ చేయండి అని. అది ఆమె సొంతూరు. జాలర్ల దిబ్బ, రికార్డులకెక్కలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నిటి పేర్లతో హెచ్చరిక వెళ్లింది, దీని పేరు తప్ప. తల్లికి ఫోన్ చేస్తే, పోయినసారి వదంతి నమ్మి ఊరొదిలి పడవలు పోగొట్టుకున్నామనీ, అచ్చులో చూపిస్తేనే కదులుతామనీ ఊరంతా అంటోందట.

"మీరు చేసిందే కదమ్మా, దానికి మీరు చెప్పండి," అన్నాను.

వాసంతమ్మ తెర వదిలి నా వైపు తిరిగింది. "మంత్రి చెప్పినా, నేను చెప్పినా వినకూడదనే అలా కట్టాను తాతగారూ. మీరే అచ్చువేయండి. దండం పెడతాను."

ఆ మాట కోసం ఆరేళ్లు కాచుకున్నాను. తీరా అన్నాక ఆనందించే తీరిక లేకపోయింది.

నూకరత్నం అక్షరాలు ఏరిస్తుంటే పేర్చాను. పోలమ్మలో మ వత్తు విరిగి ఉంది. "చాల్లే తాతా" అని ఆ పిల్ల ఏడుస్తున్నా, ఇంకోటి దొరికేదాకా వెతికాను. నా చేతిలోంచి తప్పు బయటికి పోదు.

తడి ఆరని కాగితాలతో ఆమె బండి మీద మేమిద్దరం దిబ్బ చేరేసరికి రెండున్నర. గాలికి వలలు ఎగిరిపోతున్నాయి. కాగితం చూడగానే ఆడవాళ్లు మూటలు కట్టడం మొదలెట్టారు. అంతలో పడవ నడిపే ఎర్రయ్య సరంగు ఫోన్ తీసి ఆ కాగితాన్ని నిక్కచ్చికి చూపించాడు.

"అబద్ధం. ఆ పేరుతో ఊరు లేదు," అంది యంత్రం.

"మరి నువ్వు నిలబడిందెక్కడ మావా?" అంది నూకరత్నం.

"ఊరే లేదంట. ఇంక మునిగేదేటే పిల్లా?"

అందరూ నవ్వారు. మూటలు విప్పుకుంటూ లోపలికి పోయారు. ఆ పిల్ల తల్లిని మాత్రం రెక్క పట్టుకుని మాతో బండెక్కించగలిగింది.

నా కాగితంలో ఒక్క అక్షరం తప్పు లేదు. నాలుగింటికి ఊరవతలి గట్టు మీది నుంచి చూస్తే అంతా నీళ్లే. నిక్కచ్చి మాటలోనూ తప్పు లేదు.