అలిగిందనుకున్నారు

ఆ ఇంట్లో తెల్లవారిందంటే ముందుగదిలో కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీసినట్టే. అత్తగారు కిటికీ తెరిచి, కత్తిరింపుల బల్ల తుడిచి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టేసరికి మామగారు టీ గ్లాసుతో వచ్చి తన కుర్చీలో కూర్చునేవాడు. తరువాత కోడలు వచ్చి, డబ్బాలోంచి నాలుగు గుండుసూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకునేది. ఇక పని మొదలైనట్టే.

సూదులు అలా పట్టుకోవడం అత్తగారు నేర్పిందే. చేతులు రెండూ బట్ట మీదే ఉండాలి, సూది అడగకుండానే చేతికి అందాలి. అందుకే ఆ గదిలో పని సాగుతున్నంతసేపు మాటలుండేవి కావు. తల ఊపడం, కనుబొమ్మలు ఎగరెయ్యడం, మరీ అవసరమైతే ఒక "ఊఁ". కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు "మీ అత్తాకోడళ్ళు ఎంత నెమ్మదమ్మా!" అని మెచ్చుకుంటే, "నెమ్మదా పాడా, సూదులు మింగుతామని భయం" అనేవాడు మామగారు.

అన్నం దగ్గర మాత్రం ఆ పిల్ల నోటికి అడ్డుండేది కాదు. నడుము కొలతకు ఊపిరి బిగబట్టే ఆడవాళ్ళనూ, భుజాల కొలతకు ఛాతీ విరుచుకునే మగవాళ్ళనూ అనుకరించి అందరినీ నవ్వించేది. అలాంటిది ఈమధ్య సూదులు డబ్బాలో పెట్టేశాక కూడా మాట లేదు. ఏదడిగినా తల ఊపడమే. కంచంలో మెతుకులు కెలికి, పాలు తాగి, లేచిపోవడమే.

"పన్ను నొప్పిట" అన్నాడు కొడుకు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎప్పుడూ ఎవరో ఒకరు మధ్యలో ఇరుక్కున్నారని ఫోన్లు వస్తూనే ఉంటాయి.

"పన్ను నొప్పికి మాట పడిపోతుందిట్రా?" అంది అత్తగారు.

"జ్ఞానదంతమేమో. ఆ వయసులోనే వస్తుంది" అన్నాడు మామగారు. "ఇన్నాళ్ళకి మనింట్లో ఒకరికి జ్ఞానం వస్తోందంటే, అదీ గొడవ పెట్టుకునే వస్తోంది."

కొడుకు మోగుతున్న ఫోను తీసుకుని లేచాడు.

అలాగని ఎవరూ పట్టించుకోలేదని కాదు. కొడుకు తన చేతికి గాయమైనప్పుడు మిగిలిన మాత్రలు వెతికి తెచ్చి వేయించాడు. అవి అయిపోయాయి, ఆ సంగతీ అయిపోయిందనుకున్నాడు. మామగారు లవంగ నూనె సీసా బల్ల మీద పెట్టాడు. అత్తగారు ఇస్త్రీ పెట్టె కింద పాత గుడ్డ మడత పెట్టి, కాలేటంత వేడి చేసి, "ఇదిగో, కాపడం పెట్టుకో" అని కోడలి ఒళ్ళో పడేసింది. ఒళ్ళో పెట్టలేదు, పడేసింది. ఎందుకంటే ఆవిడ మనసులో ఆ పిల్లకున్నది పన్ను నొప్పి కాదు.

దానికి కారణమూ ఉంది. ఈమధ్యే, ఎప్పుడూ ఇక్కడే కుట్టించుకునే బ్యాంకు మేడమ్ తన కొత్త కోటు తొడిగి చూసుకుంటున్నప్పుడు అత్తగారు కాలరు పట్టుకుని, ఆవిడ ముందే, "ఇది కుట్టిన చేతికి కళ్ళు లేవా? విప్పి మళ్ళీ కుట్టు" అంది. కోడలు కిక్కురుమనకుండా విప్పింది. ఆ సాయంత్రం నుంచే మాట మానేసింది. రెండింటినీ కలిపి కుట్టడానికి అత్తగారికి ఎంతోసేపు పట్టలేదు.

పైగా ఆ ఇంట్లో మౌనమంటే ఆవిడకు ఒకటే అర్థం. కొన్నాళ్ళ కిందట పెద్దకోడలు కూడా ఇలాగే ఉన్నట్టుండి మాట తగ్గించింది. ఏమిటని ఈవిడ అడగలేదు, అదీ చెప్పలేదు. ఒకరి మౌనం మీద ఒకరు మౌనం పేర్చుకుంటూ పోయారు. చివరికి ఒక ఉదయం పెద్దకొడుకు వేరు కాపురానికి వ్యాను తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. మంచం, బీరువా, ఉయ్యాల ఒక్కొక్కటే బయటికి వెళ్తుంటే అత్తగారు బల్ల దగ్గర నిలబడి, కత్తిరించాల్సిన అవసరం లేని బట్టను కత్తిరిస్తూ ఉండిపోయింది. ఇప్పుడు ఈ పిల్ల మూసుకున్న నోరు చూస్తుంటే ఆవిడకు వాకిట్లో వ్యాను చప్పుడే వినబడుతోంది. ఆ భయాన్ని భయమని ఒప్పుకోలేక కోపం చేసుకుంది.

ఒక రోజు కొడుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. బ్యాంకు మేడమ్ కోటు కోసం వచ్చింది.

"కాలరు ముచ్చటగా కుదిరిందమ్మాయ్! చెయ్యి పైకెత్తితే చంకలో కాస్త పట్టేస్తోంది, చూడూ" అంది.

కోడలు సుద్దతో గుర్తు పెట్టింది.

"ఎప్పటికిస్తావు?"

కోడలు అత్తగారి వైపు చూసింది.

"ఏంటి, పలకవు? నామీద కూడా కోపమా?" అని మేడమ్ నవ్వబోయింది. కోడలు మొహం అటు తిప్పుకుంది. ఆవిడ నవ్వు సగంలో ఆగిపోయింది. కోటు మడిచి బల్ల మీద పెట్టి, "సరే, తీరిక చూసుకునే ఇవ్వండి" అని ముక్తసరిగా అని వెళ్ళిపోయింది.

గేటు పడిన చప్పుడు కాగానే అత్తగారు కత్తెర బల్లకేసి కొట్టింది.

"ఏమ్మాయ్! ఇంటికొచ్చినవాళ్ళతో కూడానా? కోపముంటే నామీద చూపించు. ఆవిడేం చేసింది నిన్ను?"

కోడలు చెయ్యి అడ్డంగా ఊపింది.

"చేతులూపకు! ఆ చేతుల భాష నాకు రాదు. కాలరు వంకరగా ఉందన్నాను. తప్పా? నా చేత మా కుట్టు మేష్టరు విప్పించిన కాలర్లన్నీ పోగేస్తే ఈ గది పట్టదు. నేనేం అలిగి మూల కూర్చున్నానా?"

"అమ్మా, నెమ్మది" అన్నాడు కొడుకు ఫోనులోంచి తల ఎత్తకుండా.

"నువ్వుండరా! దీని సంగతి నాకు తెలుసు. పెద్దది ఇలాగే నోరు కుట్టేసుకుని, ఒకరోజు పొద్దున్నే పెట్టెలు సర్దేసింది. నువ్వూ పోతావా? పో! గుమ్మానికి అడ్డం పడుకుంటానా నేను? కానీ ఒక్క మాట చెప్పి పో. కారణం చెప్పకుండా పోతే, ఉన్నవాళ్ళం ఆ కారణం వెతుక్కుంటూ చావాలి. తెలుసా నీకు ఆ బతుకు?"

కోడలి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. గబగబా వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ విదిలించుకోబోయింది కానీ పిల్ల వదల్లేదు. ఆవిడ చూపుడు వేలు తన నోటి దగ్గరికి తీసుకెళ్ళి పళ్ళ మధ్య పెట్టింది. వేలి కొస లోపలికి పోలేదు. గోరు ఆనింది, అక్కడే ఆగింది. కోడలు నొసలు చిట్లించి, బలమంతా పెట్టి దవడ కదపబోయింది. పళ్ళు విడలేదు. ఆ సందులోంచి వచ్చిన ఊపిరి కుళ్ళు వాసన కొట్టింది. అత్తగారి మణికట్టుకు తగిలిన ఎడమ బుగ్గ కాలిపోతోంది.

"తె...రుచుకోట్లే... దత్తయ్యా" అంది, పళ్ళ సందునుంచి.

అత్తగారు వేలు వెనక్కి తీసుకోలేదు. కోపమూ వెంటనే పోలేదు. కాకపోతే అది గిర్రున కొడుకు వైపు తిరిగింది.

"ఒరేయ్! నీ పెళ్ళాం నోరు ఒక్కసారైనా చూశావురా?"

"నేనేమన్నా డాక్టర్నా అమ్మా?"

"మొగుడివి!"

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు మామగారు కోడలితో.

"నోరు పెగలని పిల్ల ఎలా చెబుతుందండీ? అడగాల్సింది మనం!" అని అరిచింది అత్తగారు. అరిచాక ఆ మాట తనకే తగిలి, చెప్పులు ఎక్కడున్నాయో కనబడక గది అంతా తిరిగింది.

పళ్ళ డాక్టరు చిన్నావిడే కానీ చాలా కటువు. నుదురు ముట్టి చూసి, దీపం దగ్గరికి లాగి, పెదవి పక్కకు జరిపి, సన్నని అద్దం అతికష్టం మీద లోపలికి పోనిచ్చి చూసింది.

"చివరి పన్ను సగం బయటికొచ్చి ఆగిపోయింది. మిగతా సగం మీద చిగురు మూతలా ఉండిపోయింది. దాని కింద తిండి చేరి, కుళ్ళి, చీము పట్టింది. ఆ వాపుకి దవడ కండరాలు బిగుసుకుపోయాయి" అంది.

జేబు మీద మూతలాగ అనుకుంది అత్తగారు. బ్రష్షు వెళ్ళదు, చూపు వెళ్ళదు.

"బయటినుంచి వేడి ఏమైనా పెట్టారా?"

"కాపడం అండీ. ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ వేడి చేసి..."

"ఇస్త్రీ పెట్టా?" డాక్టరు చేతిలో పని ఆపేసింది. "చీము పట్టిన చోట పైనుంచి వేడి పెడితే వాపు ఇంకా పాకుతుందమ్మా! లోపల చిగురు కూడా కాలినట్టుంది. అక్కడేం రాశారు?"

"లవంగ నూనె" అని గొణిగాడు మామగారు.

"మాత్రలేమైనా వేశారా?"

"నా పాతవి ఉంటే... రెండు రోజులకి సరిపోయాయి" అన్నాడు కొడుకు.

"అంటే తలా ఒక వైద్యం చేశారన్నమాట. నోట్లో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. ఈ వాపు గొంతువైపు దిగితే ఊపిరాడదు. అప్పుడు పెద్దాసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చేది. మనిషి మాట్లాడటం మానేస్తే మీకెవరికీ అనుమానం రాలేదా?"

"అలిగిందనుకున్నామండీ" అంది అత్తగారు.

"అలిగితే జ్వరం వస్తుందా?"

డాక్టరు చిగురు మూత కిందికి సన్నని గొట్టంతో మందునీళ్ళు కొట్టి కడుగుతుంటే కోడలు కుర్చీ చెయ్యి పట్టుకుని మెలికలు తిరిగింది. తెల్లని తొట్టిలో పచ్చటి చీము, నెత్తురు పడ్డాయి. అత్తగారు చూపు తిప్పుకోకుండా చూసింది. చూడనందుకు అదే శిక్ష అనుకుందో ఏమో.

మాత్రలు పూర్తిగా వాడాలనీ, గోరువెచ్చని ఉప్పునీళ్ళు రోజుకు చాలాసార్లు పుక్కిలించాలనీ, వాపు దిగాక ఆ పన్ను తీసెయ్యాల్సిందేననీ చెప్పి పంపింది డాక్టరు.

అప్పటినుంచి ఉప్పునీళ్ళ గ్లాసు అత్తగారి చేతుల్లోనే ఉండేది. వేడి తన పుక్కిట పట్టి చూసుకుని మరీ ఇచ్చేది. కానీ గ్లాసు ఇవ్వడమే తప్ప మాట లేదు. క్షమించమనడం ఆవిడ ఏనాడూ నేర్చుకోలేదు. నోరు తెరుచుకున్నాక ఈ పిల్ల అనబోయే మొదటి మాట "వెళ్తాను" అనే అవుతుందని లోపల్లోపల భయపడుతూ ఉండేది.

బుగ్గ వాపు దిగింది. అన్నం మెత్తగా పిసికి తినగలిగింది. ఒక ఉదయం కోడలు ముందుగదిలోకి వచ్చి, అందించిన గ్లాసు తీసుకుని పక్కన పెట్టేసింది.

"కూర్చోండి అత్తయ్యా. మావయ్యా, మీరెక్కడికి? మీరూ ఉండండి. ఏవండీ, ఆ ఫోను అవతల పెట్టండి."

గొంతు బొంగురుగా ఉన్నా ఎవరూ కాదనేలా లేదు. ముగ్గురూ కూర్చున్నారు.

"మీ అందరికీ చేతులున్నాయి, కళ్ళున్నాయి. ఒక్కరంటే ఒక్కరు 'ఏదీ, నోరు తెరువు' అన్నారా? ఏవండీ, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు లిఫ్టులో ఇరుక్కుంటే తింటున్న కంచం వదిలి పరిగెడతారే, పక్కన పడుకున్నదాని దవడ ఇరుక్కుంటే మీకు తెలియలేదా? పళ్ళ సందున చెబుతుంటే 'సరేలే, పడుకో' అని అటు తిరిగారు!"

"నేను మాత్రలు..."

"మీ మాత్రలు మీ దగ్గరే పెట్టుకోండి! అత్తయ్యా, మీరు! కాలరు వంకరగానే ఉంది, నాకూ తెలుసు. మేడమ్ ముందు అన్నందుకు కోపం వచ్చింది, అదీ నిజమే. కానీ నాకు కోపమొస్తే నోరు మూసుకుంటానా? ఇన్నాళ్ళుగా చూస్తున్నారు కదా, ఇదిగో, ఇలా అరుస్తాను! నేను నొప్పితో చస్తుంటే మీకు నా మొహంలో సర్దిన పెట్టెలు కనబడ్డాయి కానీ వాచిన బుగ్గ కనబడలేదా?"

"కనబడిందే" అంది అత్తగారు. గొంతు చాలా చిన్నదైపోయింది. "వాచిందని చూశాను. మూతి ముడుచుకున్నావనుకున్నాను. పోయేవాళ్ళ మొహాలన్నీ నాకు ఒక్కలాగే కనబడతాయే తల్లీ. పెద్దదాన్నీ అడగలేదు నేను. అడిగితే నా పెద్దరికం తరిగిపోతుందనుకున్నాను. నిన్నూ అడగలేదు. అడగకుండానే నిన్ను చంపుకునేదాన్ని."

పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెద్దకొడుకు సామాను వ్యాను ఎక్కిన రోజు కూడా అంతలా ఏడవలేదు. మామగారు చల్లారిన టీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

కోడలి కోపం ఇంకా తీరలేదు. అయినా వచ్చి పక్కన కూర్చుంది.

"ఎప్పటికీ పోనని మాటివ్వను. మళ్ళీ ఇలాగే చేస్తే పోయినా పోతాను. కానీ వీధంతా వినబడేలా అరిచి, చెప్పి పోతాను. సరేనా?"

అత్తగారు చెంగు వెనకనుంచే తల ఊపింది.

"తల ఊపితే కుదరదు. నోటితో చెప్పండి."

"సరే" అంది అత్తగారు. ఏడుపులోనే నవ్వు వచ్చేసింది.

"పన్ను తీయించుకునే రోజు మీరే నాతో రావాలి. ఈయన వద్దు."

"నేనేం చేశాను?" అన్నాడు కొడుకు.

"అదే. ఏమీ చెయ్యలేదు."

పన్ను తీసిన రోజు బస్సులో కిటికీ పక్క సీటు కోడలికిచ్చి అత్తగారు ఇటు కూర్చుంది. పిల్ల నోటినిండా దూది. గంటసేపు మాట్లాడకూడదని డాక్టరు మరీ మరీ చెప్పింది. బస్సు కదిలింది. కోడలు కళ్ళు మూసుకుని సీటుకు తల ఆనించింది. ఆ మూసుకున్న నోరు చూడగానే అత్తగారికి మళ్ళీ వాకిట్లో వ్యాను చప్పుడు వినబడింది. ఒక్క క్షణమే. ఈసారి అడిగేసింది.

"నొప్పిగా ఉందా?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

ఒక మలుపు దాటింది.

"నెత్తురు ఊరుతోందా? మింగుతున్నావా?"

ఊఁహూఁ.

"కళ్ళు తిరుగుతున్నాయా? కిటికీ తెరవనా? నా మీద కోపంగా ఉందా?"

కోడలు ఒక కన్ను తెరిచి చూసింది. ముందు సీట్లోవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

"వాళ్ళు చూస్తే చూడనీ. నేనడుగుతాను. కోపమా, నొప్పా?"

నవ్వితే కుట్లు లాగుతాయి. కోడలు చెంప పట్టుకుని, నవ్వు ఆపుకోలేక, రెండో చేత్తో అత్తగారి తొడ మీద గట్టిగా ఒక్కటి వేసింది.

"నొప్పేనన్నమాట" అని, అత్తగారు ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, దిగాల్సిన స్టాపు వచ్చేదాకా అడుగుతూనే ఉంది.